మీ ఆట ఏది? వీడియో గేముల్లో సొంత అభిరుచిని కనిపెట్టే మార్గదర్శి

"ఏ గేము బాగుంటుంది?" అని అడిగినవారికి నేను వెంటనే ఏ పేరూ చెప్పను. ఇంతవరకు ఏవి ఆడారో, ఎవరితో ఆడారో ముందు అడుగుతాను. విజయవాడలోనో గుంటూరులోనో పెరిగిన చాలామందికి తమ స్నేహితులకు నచ్చే గేములేవో బాగా తెలుసు, తమకు నచ్చేవేవో మాత్రం సరిగా తెలియదు. అందులో వింతేమీ లేదు. ఊళ్లో ఏ కాలంలో ఏ యంత్రం చవకగా దొరికితే ఆ కాలపు పిల్లలు దాని మీదే ఆడారు, పక్కవాళ్లు ఏది ఆడితే అదే ఆడారు. చేతిలో నాలుగు డబ్బులు, వారానికి నాలుగు గంటల తీరిక వచ్చాక మాత్రం ఎవరి రుచి వారు తెలుసుకోవడం మంచిది. లేకపోతే కొన్న గేములు తెరవకుండానే పేరుకుపోతాయి.

నా పద్ధతికి ఆధారం చిన్నది. గేము పేరును, దానికి అంటించిన జానర్ (గేము రకం) పేరును కాసేపు పక్కన పెట్టి, ఆడేటప్పుడు మీరు ఏ పని దగ్గర ఆగిపోతున్నారో చూడాలి. ఆ పని తెలిస్తే జానర్‌ను వెతుక్కోవడం తేలిక.

మొదటి మెట్టు: చిట్టా రాయండి

చిన్నప్పటి నుంచి గుర్తున్న గేములన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఎక్కడ ఆడారో, దాన్ని ఎవరు ఎంచారో కూడా రాయండి.

తొంభైల్లో పెరిగినవారి చిట్టాలు దాదాపు ఒకేలా మొదలవుతాయి. టీవీకి తగిలించే వీడియో గేము, దానికో పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద లక్షల్లో అంకె వేసి 'ఇన్ 1' అని ఉండేది. లోపల ఉన్నవి గట్టిగా ఇరవయ్యో ముప్పయ్యో, మిగిలినవన్నీ అవే మళ్లీ మళ్లీ. అయినా ఆ క్యాసెట్‌ను చులకన చేయడం నాకు ఇష్టం ఉండదు. 1985 నాటి సూపర్ మారియోలో దూకాలి, 1987 నాటి కాంట్రాలో కాల్చాలి, బ్యాటిల్ సిటీలో కోటను కాపాడాలి, డక్ హంట్‌లో గురి చూడాలి, ఎక్సైట్‌బైక్‌లో పందెం గెలవాలి. ఒక్క వేసవి సెలవుల్లో పిల్లలు అయిదు జానర్లను చవిచూసేవారు. వాటికి పేర్లుంటాయని కూడా ఎవరికీ తెలియదు.

తర్వాత నెట్ సెంటర్ల కాలం. గుంటూరు బ్రాడీపేట లైన్లలో, విజయవాడ మొగల్రాజపురం, పటమట సందుల్లో గంటల లెక్కన కంప్యూటర్ అద్దెకు తీసుకుని కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడిన తరం ఒకటుంది. ఆ రోజు ఏది ఆడాలో నిర్ణయించేది కలిసి వచ్చిన గుంపు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆట ఫోనులోకి మారింది. ఫోనులోని స్టోర్ నిన్న మీరు ఆడినదానికి తోబుట్టువుల్లాంటివే ఇవాళ చూపిస్తుంది. అడగనిది చేతిలో పెట్టే గుణం పసుపు క్యాసెట్‌కు ఉండేది, స్టోర్‌కు లేదు. రుచి ఇరుకైపోవడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

చిట్టాలో ఇంటర్ రెండేళ్ల దగ్గర ఖాళీ కనిపిస్తే కంగారు పడకండి. విజయవాడలో చదివినవారందరి చిట్టాలోనూ ఆ ఖాళీ ఉంటుంది.

ఇప్పుడు ఎవరూ పిలవకపోయినా, ఎవరూ చూడకపోయినా ఒంటరిగా మళ్లీ తెరిచిన గేములకు సున్నా చుట్టండి. అవి రెండో మూడో ఉంటాయి. పనికొచ్చేవి అవే.

రెండో మెట్టు: 2020 సెప్టెంబరులో మీరేం చేశారు?

ఈ ప్రశ్నను మించిన పరీక్ష నాకు దొరకలేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు చివరికి ఆ గేము సర్వర్లు కూడా మన దేశంలో ఆగిపోయాయి. రోజూ రాత్రి ఒకే గదిలో కలిసినట్టు ఆడుకునే నలుగురు తలో దారిన వెళ్లారు.

వెంటనే కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌కో ఫ్రీ ఫైర్‌కో మారినవారికి కాల్పుల ఆట నిజంగానే ఇష్టం. అమాంగ్ అస్‌లోనో లూడోలోనో తేలి అదే గుంపుతో కబుర్లు కొనసాగించినవారికి కావలసింది మాటలు, మనుషులు. తుపాకీ అక్కడ ఒక సాకు. ఇలాంటివారు ఒంటరిగా ఆడే గొప్ప గేములను ఎన్ని కొన్నా మధ్యలోనే వదిలేస్తారు. ఇద్దరు కలిసి ఆడే ఇట్ టేక్స్ టు, ఓవర్‌కుక్డ్ లాంటివి వారికి సరిపోతాయి. ఇక ఏ గేముకూ మారకుండా, 2021 జులైలో పబ్‌జీ బీజీఎంఐ అన్న కొత్త పేరుతో తిరిగొచ్చినప్పుడు "మళ్లీ ఎందుకులే" అనుకున్నవారు తమ చిట్టాలో దాన్ని కొట్టేయవచ్చు. వందల గంటలు ఆడి ఉండవచ్చు, అయినా సరే.

పబ్‌జీ ఆడనివారికి కూడా ఇలాంటి సందర్భం ఒకటి ఉంటుంది. నెట్ సెంటర్ మూతపడిన రోజో, కాలేజీ అయిపోయి గుంపు చెదిరిన రోజో. ఆ తర్వాత చేతికి ఏది వచ్చిందో గుర్తు చేసుకోండి.

మూడో మెట్టు: గేము లోపలి పనిని పట్టుకోండి

ఇది నిదానంగా చేయవలసిన మెట్టు.

మా బాబాయి కొడుకు గుంటూరు అరండల్‌పేటలో ఉంటాడు. "అన్నయ్యా, నాకు షూటింగ్ గేములు తప్ప ఇంకేవీ ఎక్కవు" అనేవాడు. ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని బీజీఎంఐ ఆడుతుంటే చూశాను. పారాచూట్‌లో జనం లేని మూల చూసుకుని దిగాడు. ఇల్లిల్లూ తిరిగి సంచి నింపాడు. మంచి హెల్మెట్ దొరకగానే పాతది పడేశాడు. తూటాలు లెక్క చూసుకున్నాడు. బ్యాండేజీలు ఎక్కువయ్యాయని కొన్ని తీసి, ఎనర్జీ డ్రింకులకు చోటు చేశాడు. స్కోప్‌ను ఒక తుపాకీ నుంచి ఇంకో తుపాకీకి మార్చి, మళ్లీ మొదటిదానికే పెట్టాడు. ఇంతసేపూ ముఖం నిమ్మళంగా ఉంది. దూరంగా కాల్పులు వినగానే భుజాలు బిగుసుకున్నాయి. అర నిమిషంలో చచ్చిపోయాడు. పెద్దగా బాధపడలేదు, మళ్లీ విమానం ఎక్కాడు.

"ఒరేయ్, నువ్వు వచ్చేది సంచి సర్దుకోవడానికిరా" అన్నాను.

"అదీ ఒక గేమేనా అన్నయ్యా?"

గేమే. చాలా పెద్ద కుటుంబం అది. ముందుగా స్టార్‌డ్యూ వ్యాలీ ఇచ్చాను. 2016లో వచ్చిన వ్యవసాయపు గేము. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తానే చేసుకున్నాడు. మావాడు మొదట "పొలం పని ఫోనులో కూడానా!" అని నవ్వాడు, ఆ తర్వాత రాత్రులు పెట్టెల్లో విత్తనాలు వేరు చేస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలు కట్టే ఫ్యాక్టోరియోలో కన్వేయర్ బెల్టులు పరుస్తున్నాడు. షూటర్లు తెరవడం లేదు.

మీ పనిని పట్టుకోవడానికి వైస్ సిటీ జ్ఞాపకాలు కూడా పనికొస్తాయి, ఎందుకంటే అందులో ఎవరి ఆట వారు ఆడారు. మిషన్లన్నీ పూర్తి చేసినవారు తక్కువ. చాలామంది ఎవరో సేవ్ చేసి పెట్టిన ఫైలు తెరిచి ఊరు మీద పడేవారు. రేడియో పెట్టుకుని సముద్రం పక్కన ఊరికే కారు నడిపినవారికి డ్రైవింగ్‌లోని ప్రశాంతత కావాలి. పందెంలో గెలవాలన్న పట్టుదల వారికి ఉండకపోవచ్చు. అటువంటివారికి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 నచ్చుతుంది. టైపు చేసి ట్యాంకు తెప్పించుకుని పోలీసు నక్షత్రాలు ఎంతవరకు పెరుగుతాయో చూసినవారు గందరగోళాన్ని ప్రేమిస్తారు. వారికి జస్ట్ కాజ్ వరుస ఉంది. దాచిపెట్టిన 100 ప్యాకెట్లను ఒక్కటీ వదలకుండా ఏరినవారు అన్వేషకులు. భవనాలు కొని రోజూ డబ్బు వసూలు చేసుకోవడానికి వెళ్లినవారికి సిటీస్: స్కైలైన్స్ లాంటి నిర్వహణ గేములు చూపించాలి. అందరూ ఆడింది ఒకే గేము. అందులో వెతుక్కున్నది మాత్రం నాలుగు రకాలు.

కాబట్టి సున్నా చుట్టిన ప్రతి గేము పక్కన ఒక క్రియ రాయండి. సర్దడం, గురి చూడటం, కట్టడం, దాక్కోవడం, వెతకడం, లెక్క వేయడం, లయ తప్పకుండా నొక్కడం, కథ వినడం. "సరదాగా ఉంటుంది" అని రాస్తే లాభం లేదు. ఆ గేములో ఏ భాగం తీసేస్తే మీరు ఆడటం మానేస్తారో ఆలోచిస్తే క్రియ బయటపడుతుంది.

నాలుగో మెట్టు: ఫోను రాకముందు ఆడిన ఆటలు

వీడియో గేములు పెద్దగా ఆడనివారు కూడా ఈ మెట్టుతో మొదలుపెట్టవచ్చు. ఫ్రెంచి ఆలోచనాపరుడు రోజే కైయువా 1958లో ఆటలను నాలుగు తరగతులు చేశాడు: పోటీ, అదృష్టం, వేషం, తల తిరిగే మైకం. మన వీధి ఆటలను ఇందులో పెట్టి చూస్తే చక్కగా కుదురుతాయి. కబడ్డీ పోటీ. గవ్వలు వేసే అష్టాచెమ్మాలో అదృష్టం పాలు ఎక్కువ. బొమ్మల పెళ్లి వేషం. కోటప్పకొండ తిరునాళ్లలో జెయింట్ వీల్ మైకం.

పోటీకి పరుగెత్తినవారు ఫైటింగ్ గేములు, స్ట్రాటజీ, మోబా (రెండు జట్లు ఒకరి కోటను ఒకరు పడగొట్టే గేము) చూడాలి. గవ్వ పడే క్షణం కోసం ఎదురుచూసినవారికి స్లే ది స్పైర్, బలాట్రో లాంటి కార్డు గేములు పట్టుకుంటాయి. బొమ్మల పెళ్లివారికి ఆర్‌పీజీలు (ఒక పాత్రగా మారి ఆడే గేములు), ది సిమ్స్. తిరునాళ్లవారికి రేసింగ్, వేగంగా దూకే ప్లాట్‌ఫార్మర్లు.

పులిజూదం గురించి ఒక మాట. అందులో మీరు ఎప్పుడూ పులి వైపే కూర్చునేవారా, మేకల వైపా? కొద్దిపాటి బలవంతులతో విరుచుకుపడటం ఒక రుచి. బలం లేని చాలామందిని జాగ్రత్తగా అమర్చి దారులు మూయడం ఇంకో రుచి. మేకల వైపువారికి ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్, కింగ్‌డమ్ రష్ లాంటి టవర్ డిఫెన్స్ గేములు మొదటి రోజే నచ్చడం నేను చాలాసార్లు చూశాను.

అయిదో మెట్టు: జానర్ పేర్లు నేర్చుకోండి, కానీ నమ్మకండి

స్టోర్‌లో వెతకాలంటే పేర్లు కావాలి. చిక్కేమిటంటే ఆ పేర్లు ఒకే ప్రాతిపదిక మీద పెట్టినవి కావు. షూటర్ అనేది చేతి పనిని చెబుతుంది. హారర్ కలిగే భావాన్ని చెబుతుంది. ఓపెన్ వరల్డ్ ఎటైనా తిరగగలిగే స్థలాన్ని చెబుతుంది. రోగ్‌లైక్ (చస్తే మళ్లీ మొదటి నుంచి ఆడవలసిన గేము) పేరు 1980 నాటి రోగ్ అనే గేము నుంచి వచ్చింది. 1993లో డూమ్ వచ్చాక అలాంటి గేములన్నిటినీ కొన్నేళ్లపాటు డూమ్ క్లోన్లు అనే పిలిచారు. ఫస్ట్ పర్సన్ షూటర్ అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాతే. మోబా అయితే వార్‌క్రాఫ్ట్ 3 మీద ఆటగాళ్లే సొంతంగా చేసుకున్న డోటా అనే మ్యాప్ నుంచి పెరిగింది.

అంటే "నాకు హారర్ పడదు" అన్న మాటలో దేన్ని వద్దంటున్నారో తేలలేదన్నమాట. భయం పడదా, చీకట్లో దారి వెతకడం పడదా, తూటాలు చాలకపోవడం పడదా? మూడోది అయితే రెసిడెంట్ ఈవిల్ 4 మీకు నచ్చే అవకాశం బాగానే ఉంది.

ఆరో మెట్టు: ఒకసారికి ఒక్కటే మార్చండి

కొత్త జానర్‌కు వెళ్లేటప్పుడు అలవాటైన క్రియను ఉంచుకుని, చుట్టూ ఉన్నదాంట్లో ఒకదాన్ని మార్చండి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో కోట కట్టడం నచ్చితే, కట్టడం అలాగే ఉంచి వేగం మార్చండి: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. తర్వాత వేగం పూర్తిగా తీసేసి వంతులవారీ ఆటకు: సివిలైజేషన్ 6. క్యాండీ క్రష్‌లో రంగులు జత కలపడం నచ్చితే, బలాట్రోలో పేక ముక్కలు జత కలపండి. అది పేకాట రూపంలో ఉన్నా డబ్బు పందెం లేని గేము. టెంపుల్ రన్, సబ్‌వే సర్ఫర్స్‌లో వేళ్ల చురుకుదనం నచ్చితే సెలెస్టె అనే ప్లాట్‌ఫార్మర్. బీజీఎంఐలో గడ్డిలో పడుకుని ఎదురుచూడటమే ఇష్టమైతే, ఆ ఓపికకు ప్రతిఫలం ఇచ్చేవి హిట్‌మ్యాన్ లాంటి స్టెల్త్ గేములు, అంటే ఎవరికీ దొరక్కుండా పని కానిచ్చేవి. ఆదివారం పత్రికలో గళ్ల నుడికట్టు పూర్తి చేయకుండా లేవని మనిషి అయితే రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ తప్పక చూడండి. ఖాళీ ఓడలో అరవై మంది గతి ఏమైందో తర్కంతో తేల్చాలి.

ఒకేసారి మూడు మార్చితే, అంటే కొత్త యంత్రం, కొత్త జానర్, కొత్త కష్టస్థాయి, నచ్చకపోవడానికి కారణం ఏమిటో ఎప్పటికీ తెలియదు.

ఏడో మెట్టు: చవకగా, నిజాయితీగా పరీక్షించండి

యూట్యూబ్‌లో చూడటం ఆడటం కిందకు రాదు. కథ గేములు చూడటానికి బాగుంటాయి. ఫ్యాక్టోరియోను పక్కనుంచి చూస్తే పిచ్చి లెక్కలా ఉంటుంది.

కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. దాన్ని సంకోచం లేకుండా వాడుకోండి. డెమోలు చాలా ఉంటాయి. ఎపిక్ స్టోర్ వారం వారం ఉచిత గేములు ఇస్తుంది. నాకు తెలిసినవారిలో చాలామంది వాటిని తీసుకుని దాచుకోవడమే తప్ప తెరవరు. వారానికి ఒకటి తెరిచి అరగంట ఆడితే పసుపు క్యాసెట్ మళ్లీ దొరికినట్టే.

కానీ రెండు గంటలు అన్నిటికీ చాలవు. పజిల్ గేము అరగంటలో తన సంగతి చెప్పేస్తుంది. ప్లాట్‌ఫార్మర్ గంటలో. స్ట్రాటజీకి కనీసం రెండు మూడు సాయంత్రాలు ఇవ్వాలి. మొదటి సాయంత్రమంతా బటన్లు నేర్చుకోవడంతోనే గడుస్తుంది. ఫైటింగ్ గేములకు వారాలు పడుతుంది. అదీ మీ స్థాయివాడు ఇంకొకడు పక్కన ఉంటేనే. కష్టానికి పేరుపడ్డ డార్క్ సోల్స్ వంశపు గేముల్లో మొదటి పెద్ద శత్రువు దగ్గర ఆగిపోయి తీర్పు చెప్పకండి. పదోసారి ఓడినప్పుడు కంట్రోలర్ విసరాలనిపించిందా, "ఇంకొక్కసారి" అనిపించిందా? జవాబు అక్కడే తెలుస్తుంది. కష్టస్థాయి తగ్గించుకునే వీలున్న గేముల్లో మొహమాటం లేకుండా తగ్గించండి. ఇది రుచి పరీక్ష, ఎంసెట్ కాదు.

యంత్రం మీదకు నెట్టవలసిన నెపం గేము మీద పడకుండా కూడా చూసుకోవాలి. టచ్ తెర మీద ప్లాట్‌ఫార్మర్లు నచ్చలేదంటే అది బొటనవేలి సమస్య కావచ్చు. ఒక మామూలు గేమ్‌ప్యాడ్ తగిలించి మళ్లీ చూడండి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా పరవాలేదు. ఇక్కడ చెప్పిన స్టార్‌డ్యూ వ్యాలీ, స్లే ది స్పైర్, బలాట్రో, సెలెస్టె మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి.

ఎనిమిదో మెట్టు: మీ దినచర్యకు పట్టేదేనా?

రుచి వేరు, వీలు వేరు. మోబా మ్యాచ్ సుమారు అరగంటో ముప్పావుగంటో నడుస్తుంది, మధ్యలో ఆగదు. "అన్నం చల్లారిపోతోంది" అని వంటింట్లోంచి మూడోసారి పిలుపు వచ్చేసరికి మిగతా నలుగురు మిమ్మల్ని తిడుతుంటారు. మే నెలలో విజయవాడ ఎండకు కరెంటు పోయి వైఫై ఆగిందంటే ర్యాంకూ పోతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో, షిఫ్టు ఉద్యోగంలో, ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగే గేములే మిగులుతాయి: వంతులవారీ స్ట్రాటజీ, కార్డు గేములు, పజిల్స్. కాలేజీ రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ తప్ప ఏదీ ముట్టనివారు ముప్పైల్లో సివిలైజేషన్ అభిమానులు కావడానికి వయసు కన్నా ఈ ఆపగలిగే వీలే ఎక్కువ కారణమని నాకనిపిస్తుంది. కాబట్టి ఒకప్పుడు వద్దనుకున్న జానర్‌ను జీవితం మారినప్పుడల్లా ఒకసారి తట్టి చూడండి. ఉద్యోగం మారినా, ఊరు మారినా.

తొమ్మిదో మెట్టు: అలవాటును రుచి అనుకోకండి

రోజూ తెరుస్తున్నారంటే ఇష్టమనే అనుకుంటాం. రోజువారీ బహుమతి, వరుస తప్పితే పోయే పాయింట్లు, అర్ధరాత్రి ముగిసే ఆఫర్ ఉన్న గేములో అది నిజం కానక్కర్లేదు. వారం రోజులు బహుమతులు తీసుకోకుండా ఆడండి. తెరవబుద్ధి కాకపోతే దాన్ని చిట్టాలోంచి తీసేయండి. డబ్బు పెట్టి ఆడేవి అసలు ఈ లెక్కలోకే రావు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందెపు ఆన్‌లైన్ గేముల మీద నిషేధ చట్టం చేసింది.

ఇంట్లో ఇంకొకరి కోసం వెతుకుతుంటే

అమ్మకో నాన్నకో గేము అలవాటు చేయాలనుకునేవారు తరచుగా తమకు నచ్చిన అందమైన త్రీడీ గేమునే చేతికి ఇస్తారు. ఒక బొటనవేలితో నడుస్తూ రెండో దానితో చూపు తిప్పడం మనకు ఏళ్ల తరబడి వచ్చిన అలవాటు. కొత్తవారు గోడకు ముఖం పెట్టి నిలబడిపోతారు, అయిదు నిమిషాల్లో "నాకెందుకులేరా ఇవన్నీ" అని ఇచ్చేస్తారు. ముందుగా వేలితో గీస్తే చాలే గేము పెట్టండి. మినీ మెట్రోలో స్టేషన్ల మధ్య గీతలు గీసి రైళ్లు నడపాలి. జీవితమంతా విజయవాడ జంక్షన్ రద్దీ చూసినవారికి అందులోని సమస్యను వివరించనక్కర్లేదు. మాన్యుమెంట్ వ్యాలీ కూడా అలాంటిదే. త్రీడీ వైపు రావాలని వారే అడిగితే, మైన్‌క్రాఫ్ట్‌ను శత్రువులు దాడి చేయని క్రియేటివ్ పద్ధతిలో తెరిచి, ఒక చిన్న ఇల్లు కట్టమని చెప్పి పక్కన కూర్చోండి. కంట్రోలర్ మాత్రం లాక్కోకండి, తలుపు ఎటు పెట్టాలో వారినే తేల్చుకోనివ్వండి.